కంకర రోడ్డు మీద రేడియో పెట్టె

కంకర రోడ్డు మీద సైకిలు తొక్కడం నాకు ఉద్యోగం నేర్పిన విద్య. ఆ ఉద్యోగం మాత్రం రోడ్లది కాదు, రేడియోలది. యాభైల చివరి సంవత్సరాలలో, పల్లెజనం ఒకచోట కూర్చుని వినడానికి ప్రభుత్వం ఇచ్చిన రేడియోలను బాగుచేసే మెకానిక్కుగా నేను నల్లగొండలో చేరాను. హైదరాబాదులో ఇచ్చిన శిక్షణలో వాల్వు అనే గాజుబుడ్డి ఎట్లా పనిచేస్తుందో, లోపల తీగ ఎక్కడ తెగిందో ఎట్లా కనిపెట్టాలో క్షుణ్ణంగా చెప్పారు. బాగుచేసిన రేడియోను పల్లెకు ఎట్లా చేర్చాలో ఎవరూ చెప్పలేదు. శాఖకు ఉన్న ఒక్క జీపు పై అధికారుల పర్యటనలకే చాలేది కాదు. నాకు దక్కింది నల్లని సైకిలు ఒకటి, దాని వెనుక బలమైన ఇనుప క్యారియరు.

సైకిలు ఎక్కడం దిగడం అంతకుముందే వచ్చు. భువనగిరిలో గుట్ట కింది బజారులో కిరాయి సైకిళ్ల మీద నేర్చుకున్నాను. కాని అది బజారు విద్య. బజారులో బ్రేకు పడితే సైకిలు ఆగుతుంది. కంకర మీద బ్రేకు పడితే చక్రం ఆగుతుంది, సైకిలు మాత్రం తన దారిన తాను జారిపోతుంది. ఈ చిన్న తేడా నాకు పూర్తిగా అర్థమయ్యేలోపల రెండు పైజామాలు మోకాళ్ల దగ్గర చినిగిపోయాయి.

ఆ రోజుల్లో పెద్దరోడ్డు దిగగానే తారు ముగిసేది. కంకర పరచి, దాని మీద ఎర్రమొరం పోసి, నీళ్లు చల్లి రోలరు తిప్పిన రోడ్లు అవి. వేసిన కొత్తలో బాగానే ఉండేవి. ఒక వానకాలం గడిచేసరికి మొరం కొట్టుకుపోయి కంకర పళ్లు బయటపెట్టేది. ఎడ్లబండ్ల ఇనుప పట్టాలు ఇటొకటి అటొకటి గాళ్లు తీసేవి. గాడిలో పిండిలాంటి దుమ్ము, గాడి అంచున వదులు రాళ్లు, నడుమ గడ్డి మొలిచిన గట్టు: రోడ్డంటే ఈ మూడు వరుసలు. సైకిలుకు గాడి అన్నింటికన్నా మేలైన దారి. కాని ఒకసారి అందులో దిగాక ముందు చక్రాన్ని ఏటవాలుగా పక్కకు తిప్పి బయటపడాలని చూడరాదు. గాడి అంచు చక్రాన్ని పట్టుకుని మనిషిని పడేస్తుంది. వేగం తగ్గించుకుని, గాడి లోతు తక్కువగా ఉన్న చోటు దాకా ఓపికపట్టి, అక్కడ దిగి సైకిలును ఎత్తి అవతల పెట్టడమే ఉత్తమం.

టైర్లలో గాలి నిండా కొట్టించేవాణ్ని కాదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే కొద్దిగా లొంగాలి. రాళ్లు వచ్చిన చోట సీటు మీది నుంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, మోచేతులు వదులుగా ఉంచితే దెబ్బ సగం కాళ్లలోనే ఆగిపోతుంది. అన్నింటికన్నా ఆలస్యంగా తెలిసిన సంగతి చూపుకు సంబంధించినది. రాయిని చూస్తూ తొక్కితే సైకిలు సరిగ్గా ఆ రాయి మీదికే పోతుంది. రాళ్ల నడుమ ఉన్న ఖాళీని చూస్తూ తొక్కాలి.

రోడ్డు మీద మనుషులూ ఉంటారు. నీళ్లబిందెలు ఎత్తుకుని పోతున్న ఆడవాళ్ల వెనుక గంట కొట్టరాదు. ఉలిక్కిపడి ఒకరు కుడికి, ఒకరు ఎడమకు జరుగుతారు. ఆ నడుమ దారి ఏర్పడినట్టే కనిపిస్తుంది కాని, మనం అక్కడికి చేరేసరికి ఇద్దరూ మనసు మార్చుకుని ఉంటారు. దూరంనుంచే మామూలు గొంతుతో, సైకిలొస్తాంది అక్కా, అని చెబితే సరిపోతుంది. ఎడ్లబండి ఎదురైతే దిగి, సైకిలును ఎడ్లకు కనపడకుండా మన ఒంటి చాటున పట్టుకుని నిలబడాలి. బండి మీది మనిషి తరచుగా నిద్రలో ఉంటాడు. దారి తెలిసినవి ఎడ్లు. అవి బెదరకపోతే చాలు. గొర్లమంద వస్తే ఒక కాలు నేల మీద పెట్టి ఆగిపోవడమే. మంద నీళ్లలాగా చుట్టూ పారిపోతుంది. ఆముదాలు కోసిన కాలంలో కాయలను రోడ్డు మీదనే ఎండబోసి, ఒక పక్కన సైకిలు పట్టేంత జాగా వదిలిపెట్టేవారు. ఆ జాగాలోనే పోవాలి. రైతు పంటను తొక్కరాదన్నది ఒక కారణం. కాయల మీద చక్రం గోలీల మీద నడిచినట్టు దొర్లుతుందన్నది రెండో కారణం. ఎదుటివాడికి చేసిన మర్యాద ప్రతిసారీ నా మోకాళ్లనే కాపాడుతున్నట్టు కనిపించడంతో, మర్యాద, భద్రత అన్నవి ఒకే పనికి రెండు పేర్లని నాకు నమ్మకం కుదిరింది.

ఆ నమ్మకం ఒకే ఒక చోట తప్పింది. కట్టంగూరు దగ్గర పెద్దరోడ్డు దిగి రెండు కోసులు లోపలికి వెళ్తే వచ్చే నేతపల్లె అది.

ఆ ఊళ్లో కింది వాడ నేతవాళ్లది, మీది వాడ వ్యవసాయదారులది. రేడియో కింది వాడకు వచ్చింది. దాన్ని పెట్టడానికి తలుపూ తాళమూ ఉన్న గది కావాలని శాఖ షరతు పెడితే, నేతవాళ్లు సాయంత్రాలు పనిచేసి, మట్టిగోడలు లేపి, సున్నం వేసి, గది కట్టి చూపించారు. ఆ గది తాళంచెవి వాడకు పెద్దయిన ఒక ముసలి నేతగాని మొలతాడుకు ఉండేది. నాకంటే ముందున్న మెకానిక్కు రేడియోను బిగించి పోయిన తర్వాత అది కొన్నాళ్లు మాట్లాడి, ఆ మీదట మూగపోయింది.

నేను మొదటిసారి ఆ ఊరికి పోయింది ఒక ఉదయం. ఊరి ముందర రోడ్డు ఒక చిన్న మిట్ట ఎక్కి, అవతల దిగుతుంది. దిగుడు ముగిసిన చోట రోడ్డు తిన్నగా, సమంగా ఉంటుంది. ఆ సమమైన ముక్క మీద నేతవాళ్లు పడుగు చాచారు. చీరల పొడవు దారాలన్నింటినీ పక్కపక్కన చేర్చి, కత్తెరలాగా కట్టిన కర్రల మీద రోడ్డు పొడవునా బిగించి, వాటికి గంజి పట్టిస్తున్నారు. రెండు పక్కలా ఆడా మగా నిలబడి పెద్ద కుంచెలతో ఒకే ఊపున రుద్దుతున్నారు. వాడలో అంత పొడవైన జాగా లేదు. రోడ్డు తప్ప గతి లేదు. తడి దారం మీద దుమ్ము పడితే అంటుకుని ఎండిపోతుంది. ఆ తర్వాత మగ్గం మీద అడుగడుగునా దారం తెగుతుంది. ఎన్నో రోజుల పని ఒక్క చక్రం లేపిన దుమ్ముకు పాడవుతుంది. ఈ సంగతి నాకు భువనగిరిలో మా ఇంటి వెనుక నేతవాళ్ల వీధి వల్ల తెలుసు. దిగుడు మొదట్లోనే సైకిలు దిగి, చేను గట్టు మీదుగా మెల్లగా నడిపించుకుంటూ పోయాను.

పడుగు తలాపున నిలబడ్డ ముసలాయన చేతిలోని కుంచె ఆపకుండానే నన్ను చూశాడు.

"ఏం సారూ, సైకిల్ దిగినవేంది? గడీ ముంగట దిగుడు బందై ఏండ్లాయె. ఇప్పుడు మా ముంగట దిగుడు షురువైందా?"

ఆ మాటకు అందరూ నవ్వారు. ఆ నవ్వు వెనుక ఉన్నది అంత చిన్న సంగతి కాదు. కొద్ది సంవత్సరాల కిందటి వరకు దొర ఉండే కోటలాంటి గడీ ముందు నుంచి సైకిలు మీద పోవడమంటే అపరాధం. దిగి, చెప్పులు చేతబట్టుకుని, గడీ గోడ దాటేదాకా నడవాలి. ఆ గడీకి ఇప్పుడు తాళం పడింది. దాని ముందు నుంచి కావాలనే సైకిలు మీద రెండుసార్లు పోయివచ్చినవాళ్లు ఆ గుంపులోనే ఉన్నారు.

"దుమ్ము లేస్తది గద తాతా. తడి పడుగు మీద పడ్తే ఎట్ల?" అన్నాను.

ముసలాయన పక్కవాళ్ల వైపు తిరిగాడు. "పడుగు సంగతి ఎరుకున్నోడే వచ్చిండు. ఇగ రేడియో సంగతి గుడ ఎరుకున్నదో లేదో సూడాలె."

ఆ రెండో సంగతి నిరూపించుకోవడం నాకు చాలా కష్టమైంది. రేడియోను క్యారియరు మీద కట్టి నల్లగొండకు తెచ్చాను. ఒక వాల్వు పోయింది, మార్చాను. వర్క్‌షాపులో రోజంతా చక్కగా మాట్లాడింది. తిరిగి పల్లెకు తీసుకుపోయి ఏరియల్ తగిలిస్తే మూగ. మళ్లీ తెచ్చాను. ఈసారి ఇంకొక వాల్వు. వర్క్‌షాపులో మళ్లీ మాట్లాడింది, పల్లెలో మళ్లీ మూగ.

కారణం కనిపెట్టడం కష్టం కాలేదు. బ్యాటరీ మీద నడిచే ఆ రేడియోల వాల్వులలో తీగ వెంట్రుకకన్నా సన్నంగా ఉంటుంది. బస్సులో పక్క సీటు మీద పెట్టుకుని తెచ్చినంతసేపు దానికి ఏమీ కాదు. కట్టంగూరు దాకా బస్సు, ఆ తర్వాత సైకిలు. సైకిలు మీద కూడా చాలా దూరం నేను కాపాడగలిగాను. అంతా చెడిపోయేది ఊరి ముందరి దిగుడు దగ్గర. అక్కడ మొరం పూర్తిగా లేచిపోయి వదులు కంకర మాత్రమే మిగిలింది. సైకిలు మీద దిగినా, దిగి నడిపించినా వెనుక చక్రం రాయి రాయికీ ఎగిరి పడేది. సీటు మీద మనిషి బరువు లేకపోతే క్యారియరు ఇంకా ఎక్కువగా ఎగిరేది. చేను గట్టు బరువు సైకిలు పట్టేంత వెడల్పు లేదు. పోనీ పెట్టెను ఎత్తుకుని పోదామంటే, లోపలి బ్యాటరీతో కలిసి అది ఒక్కడు మోసే బరువు కాదు.

ఈలోపల మీది వాడవాళ్లు రేడియోకు మూగపెట్టె అని పేరు పెట్టారు. నేతవాళ్లు గది తాళం తీసినప్పుడల్లా, మీ పెట్టె గుంతల కూసోని మగ్గం నేస్తాందా, సప్పుడే లేదు, అని అడిగిపోయేవారట. దీనికి తోడు మా సూపర్‌వైజరు ఒక నిర్ణయం చెప్పారు. మాట్లాడని రేడియోను ఒక ఊళ్లో ఉంచి, అడుగుతున్న ఊరికి ఇవ్వకపోవడం న్యాయం కాదు. మేళ్లచెరువు వైపు ఒక పల్లె చాలాకాలంగా అడుగుతోంది. ఈసారి బిగించినప్పుడు మాట్లాడకపోతే అదే సైకిలు మీద వెనక్కు తెచ్చేయమన్నారు. ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

ఈ కబురు చెప్పడానికి నేనే పోయాను. ముసలాయన మగ్గం గుంతలో కూర్చుని విన్నాడు. కాళ్లు గుంతలోని పలకల మీద, చేతులు మగ్గం మీద ఉన్నాయి.

"పొద్దు పొడిస్తె గీ గుంతల దిగుతం, పొద్దుగూకితె ఎక్కుతం," అన్నాడు. "బయటి ముచ్చట మా దాంక రావాల్నంటే గా పెట్టె ఒక్కటే సారూ. అది పోయిందనుకో, మేం మళ్ల గీ గుంతలనే."

ఆయన భార్య కండెలు చుడుతున్న రాట్నం ఆపి, పట్నంలో మాట్లాడే పెట్టెకు మా ఊరు రాగానే ఏమవుతుందని అడిగింది. దానికి రోగమేమీ లేదని, దెబ్బంతా దిగుడు మీది కంకరలో ఉందని, అక్కడ రోడ్డు కొంచెం మెత్తగా ఉంటే అది బతికి వస్తుందని చెప్పాను. ఏ రోజున తెస్తానో, ఏ వేళకు వస్తానో కూడా చెప్పి వచ్చాను. ముసలాయన ఆ మాట విని ఊఁ అన్నాడు. ఆ ఊఁ వెనుక ఒక ఆలోచన ఉందని నాకు అప్పుడు తోచలేదు.

నా వైపు నుంచి చేయగలిగినవన్నీ చేశాను. నాలుగు వాల్వులనూ పీకి, ఒక్కొక్కదాన్నీ దూదిలో చుట్టి, రేకు డబ్బాలో సర్ది, ఆ డబ్బాను చొక్కా ఎడమ జేబులో పెట్టి గుండీ వేసుకున్నాను. మనిషి ఒంటికి మించిన స్ప్రింగు లేదు. కట్టంగూరులో బస్సు మీది నుంచి సైకిలు దింపించి, పెట్టె కిందా పక్కలా పాత బొంత మడతలు పెట్టి, తాడుకు బదులు పాత సైకిలు ట్యూబును చీల్చిన పట్టీలతో కట్టాను. తాడు దెబ్బను దాటనిస్తుంది, రబ్బరు తాను మింగుతుంది. మధ్యాహ్నం ఎండ తగ్గుతుండగా లోపలి దారి పట్టాను.

ఆ రోజు ప్రయాణం అంత బాగా మునుపెన్నడూ సాగలేదు. గాళ్లు ఎండి గట్టిగా ఉన్నాయి. బండి ఒకటి ఎదురైతే దిగి నిలబడ్డాను. బండివాడు మేలుకునే ఉన్నాడు, పెట్టెను చూసి, పెండ్లి సామానా అని అడిగాడు. వాగులో ఇసుక దగ్గర మాత్రం ఇద్దరు గొర్లకాపర్లను బతిమాలి, ముగ్గురం కలిసి సైకిలును పెట్టెతో సహా ఎత్తి అవతల పెట్టాం. మిట్ట ఎక్కేసరికి పొద్దు ఇంకా రెండు బారలుంది. పైన ఆగి దిగుడు వైపు చూశాను.

రోడ్డు గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. వదులు కంకరనంతా ఊడ్చి రెండు పక్కలా వరుసగా పోశారు. నడుమ ఎర్రమొరం పరచి, కాళ్లతో తొక్కి సమం చేశారు. ఆ మొరం మీద అప్పుడే నీళ్లు చల్లారు. కుండలు, బిందెలు, చీపుర్లు పట్టుకుని కింది వాడ మొత్తం రోడ్డుకు రెండు పక్కలా నిలబడి ఉంది. మగ్గాలన్నీ ఆపి వచ్చారు. మూగపెట్టె వస్తుందని విని మీది వాడవాళ్లు కూడా కొందరు గట్టు మీద చేరారు. పడమటి ఎండకు రోడ్డంతా అద్దంలాగా మెరుస్తోంది.

వాళ్లు చేసింది పడుగుకు చేసే పనే. పడుగు చాచే ముందు రోడ్డు ఊడ్చి, దుమ్ము అణగడానికి నీళ్లు చల్లుతారు. ఆ నీళ్లు ముందురోజు చల్లితే ఎండిపోయి దుమ్ము మళ్లీ లేస్తుంది కాబట్టి, సరిగ్గా పని మొదలయ్యే క్షణానికి చల్లుతారు. రేడియోకు కూడా అంతే శ్రద్ధగా, నేను మిట్ట మీద కనిపించే వేళ చూసుకుని చల్లారు. రోడ్డు పనిలో మాత్రం లెక్క తిరగబడుతుంది. మొరానికి నీళ్లు ముందురోజు సాయంత్రం పోయాలి. రాత్రంతా అవి లోపలికి ఇంకి మన్నును పట్టిస్తాయి. అప్పుడే పోసిన నీళ్లు పైపొరను మాత్రం జిగురు చేస్తాయి. కింద గట్టినేల, పైన వెన్నలాంటి పొర. సైకిలు టైరుకు ఇంతకన్నా జారే నేల ఇంకొకటి ఉండదు.

ఇదంతా పై నుంచి చూసిన వెంటనే నాకు తెలిసింది. దిగి, సైకిలును రోడ్డు అంచున నడిపించడమే భద్రమైన పని. కాని అంచు నిండా వాళ్లు ఊడ్చిపోసిన కంకర ఉంది, పెట్టె మళ్లీ ఎగిరిపడుతుంది; వాల్వులు జేబులో ఉన్నా లోపలి అతుకులు ఊడవచ్చు. అది ఒక కారణమే. అసలు కారణం వాళ్ల ముఖాలు. రోజు పని మానుకుని నా చక్రం కోసం ఒక రోడ్డు పరిచినవాళ్ల ముందు, మీ రోడ్డు పనికిరాదని చెబుతున్నట్టు దిగి పక్కకు ఎట్లా పోవడం? మర్యాద ఒకవైపు లాగింది, భద్రత ఇంకొకవైపు లాగింది. సైకిలు ఎక్కాను.

దిగుడు సగం వరకు సవ్యంగానే సాగింది. బ్రేకు జోలికి పోలేదు. హ్యాండిలు కదిలించలేదు. పెట్టె ఒక్కసారి కూడా ఎగరలేదు. సగం దాటాక రోడ్డు కొద్దిగా కుడికి వంగుతుంది. హ్యాండిలును వెంట్రుకవాసి తిప్పాను. వెనుక చక్రం ఏ తొందరా లేకుండా, ఎంతో నెమ్మదిగా ఎడమవైపు పోవడం మొదలుపెట్టింది. ఆపడానికి చేయవలసిన పనులన్నీ నాకు తెలుసు. వాటిలో ఒక్కటీ చేయడానికి నేల సహకరించలేదు. ఎడమ చేత్తో చొక్కా జేబును పట్టుకుని, కుడి భుజం మీద పడి, ఎర్రబురదలో సైకిలుతో కలిసి కొంతదూరం ప్రయాణం చేశాను. ఆగిన చోట ముసలాయన పాదాలు కనిపించాయి.

ఆయన నా వైపు వంగి, నన్ను కాదు, క్యారియరును చూశాడు.

"పడ్డది నువ్వే గద? పెట్టె పడలె గద?"

"ముందుగాల పిలగాన్ని లేపుండ్రి. పెట్టె యాడికి పోతది," అంది ఆయన భార్య వెనుకనుంచి, చేతిలోని బిందె కింద పెడుతూ.

లేపారు. భుజం గీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. సైకిలు పక్కకు ఒరిగింది కాని, రబ్బరు పట్టీల మీద పెట్టె వేలాడుతూ నేలను తాకలేదు. బొంత అంచుకు మాత్రం బురద అంటింది. గట్టు మీది నుంచి ఒక వ్యవసాయదారు, నాగలి పట్టేటోళ్లను అడిగితె బురదల ఎట్ల నడవాల్నో మేం చెప్పకపోదుమా, అన్నాడు. నేతవాళ్లలో ఒకాయన, మరి గట్టు మీద నిలబడెటందుకే వచ్చినవా, దిగి ఓ చెయ్యి పట్టు, అన్నాడు. అతడు నిజంగానే దిగాడు. పెట్టెను నలుగురు మోసుకుని గదికి చేర్చారు.

ముసలాయన నాతో నడుస్తూ, దారి బాగు చేసినమనుకుంటిమి, నిన్నే పడగొడ్తిమి, అన్నాడు. మొరం మీద నీళ్ల సంగతి చెప్పాను. ఆయన ఆగి, వెనక్కు తిరిగి, ఆ మెరిసే దిగుడును ఒకసారి పరిశీలనగా చూశాడు. తప్పయిందని అనలేదు. పడుగు వేరు, రోడ్డు వేరు అన్నమాట, అన్నాడు, కొత్త నూలు రకం ఒకటి తెలిసినట్టు.

గదిలో పెట్టెను బల్ల మీద పెట్టి వెనుక పలక విప్పాను. జేబులోని డబ్బా తెరిచాను. మూత సొట్టపడింది. నాలుగు వాల్వులనూ దూదిలోంచి ఒక్కొక్కటే తీసి వెలుతురుకు పట్టి చూశాను, ఆపైన మీటరుతో తీగ పరీక్షించాను. నాలుగూ బతికే ఉన్నాయి. వాటిని స్థానాలలో కూర్చోబెట్టి, ఏరియల్ తగిలించి, మీట తిప్పాను.

ఏమీ వినపడలేదు. గరగర శబ్దం కూడా లేదు.

గుమ్మం దగ్గర జనం గుమిగూడారు. ముసలాయన భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. ఆయన మాత్రం నిలబడే ఉన్నాడు, మొలతాడుకున్న తాళంచెవి మీద చెయ్యి వేసుకుని.

గరగర కూడా లేకపోవడం ఒక విధంగా మంచి వార్త. వాల్వు చెడితే కొంత శబ్దమైనా మిగులుతుంది. పూర్తి నిశ్శబ్దం ఉందంటే కరెంటే లోపలికి రావడం లేదు. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి తీగ వెంట వేలు జరుపుకుంటూ పోయాను. బ్యాటరీకి తగిలించే ప్లగ్గులో ఒక తీగ అతుకు ఊడి, పైపై తొడుగును పట్టుకుని వేలాడుతోంది. తీసి చూపించాను.

"గింతనేనా?" అన్నాడు ముసలాయన.

"గింతనే. కాల్చి అతకాలె. నిప్పు కావాలె తాతా."

నిప్పు దగ్గరలోనే ఉంది. మర్నాటి పడుగు కోసం పక్క వాకిట్లో గంజి కాగుతోంది. కాల్చే ఇనుపకడ్డీని ఆ గంజికుండ కింద పెట్టాను. కడ్డీ కాగేవరకు ముసలాయన భార్య పొయ్యిలో పుల్లలు ఎగదోస్తూనే ఉంది. నేను తీగను అతికాను. చల్లారేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ తర్వాత మీట తిప్పాను.

ముందు గరగరమంది. స్టేషను కోసం మెల్లగా తిప్పుతుంటే, ఒక మగగొంతు గది నిండా స్పష్టంగా పలికింది. హైదరాబాదు నుంచి వచ్చే గ్రామీణ కార్యక్రమం అప్పటికే మొదలైంది. ఆ గొంతు ఎడ్ల గిట్టలకు వచ్చే పుండ్ల గురించి, వాటిని ఉప్పునీళ్లతో కడగవలసిన విధానం గురించి చెబుతోంది. కింది వాడలో ఎద్దులున్న ఇల్లు ఒక్కటీ లేదు. అయినా ఒక్కరూ కదలకుండా, ఆ ప్రసంగాన్ని మొదటి మాట నుంచి చివరి మాట దాకా విన్నారు. మధ్యలో మీది వాడ రైతు ఏదో అనబోతే పదిమంది ఒకేసారి అతని వైపు చూశారు. అతడికి ఎద్దులున్నాయి. అతడు కూడా ఊరుకుని విన్నాడు.

ప్రసంగం ముగిసి పాట మొదలైంది. వాకిట్లో చాపలు పరిచారు. నా భుజానికి పసుపు రాశారు, జొన్నరొట్టె పెట్టారు. రొట్టె తింటూ, బ్యాటరీ సంగతి చెప్పవలసిన బాధ్యత నాకు గుర్తొచ్చింది. రోజూ సాయంత్రం ఒక్క గంట మాత్రమే పెడితే బ్యాటరీ నెలల తరబడి వస్తుందని, ఇట్లా ఆపకుండా పెడితే తొందరగా అయిపోతుందని, గంట దాటింది కాబట్టి ఇప్పుడు ఆపుదామని ముసలాయనకు వివరించాను. లేచి మీట వైపు చెయ్యి చాచాను.

ఆయన నా చెయ్యి మధ్యలోనే పట్టుకున్నాడు.

"ఆగు సారూ. ఆపితె మళ్ల మాట్లాడ్తదో లేదో. గియ్యాల ఎంతసేపు మాట్లాడ్తదో మాట్లాడనియ్యి."

"బ్యాటరీ అయిపోతది తాతా."

"అయితె అయితది. నువ్వు లేవా, ఇంకోటి తెస్తవ్," అన్నాడు. తర్వాత దిగుడు ఉన్న వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "దారి గుడ మంచిగనే చేసినం గద."

చాపల మీద ఉన్నవాళ్లంతా నవ్వారు. పెట్టె నుంచి వస్తున్న పాట ఒక క్షణం వినపడలేదు. ముసలాయన చెయ్యి ఎత్తి వాళ్లను ఊరుకోమన్నాడు.

"తెస్త," అన్నాను, "నీళ్లు మాత్రం ముందురోజే చల్లుండ్రి."